రాజీనామాలో గుడి దీర్ఘం

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే కిటికీ పక్కన కూర్చుంది. ఆ కిటికీ ఒక అచ్చాపీసుది. ఉదయం ఎండ బల్ల అంచున మొదలై, మధ్యాహ్నానికి సిరాబుడ్డి దాకా పాకి, సాయంత్రం ఆవిడ మణికట్టు మీదుగా దిగి వెళ్ళిపోయేది. వెనక గదిలో యంత్రం ఆడుతున్నంతసేపూ గ్లాసులో నీళ్ళు సన్నగా వణికేవి. సిరా, తడికాగితం, కిరోసిన్ కలిసిన వాసన ఒకటి ఆవిడ జుట్టులో ఇల్లు కట్టుకుని ఉండేది. ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిస్తే ముందు పెద్దమ్మ గుర్తొస్తుంది, ఆ తర్వాతే పుస్తకం.

ఆవిడ ప్రూఫులు దిద్దేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేది సీసం బాబాయి. ఆయన అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ బూడిదరంగులో మెరుస్తుండేవి. ఆయన పేర్చినదాన్ని కాగితం మీద ఒత్తి తెస్తే పెద్దమ్మ చదివేది. ఒత్తు ఊడినా, సున్న ఎగిరిపోయినా, పంటి కింద రాయి తగిలినట్టు ఆవిడ చూపు అక్కడే ఆగేది.

"నా పుణ్యమే అమ్మాయ్ నీ ఉద్యోగం. నేను తప్పులు పెట్టడం మానేస్తే నువ్వేం చేస్తావ్?" అనేవాడు బాబాయి.

"మీరు మానెయ్యరన్న ధైర్యంతోనే కదా బాబాయ్ చేరింది," అనేది పెద్దమ్మ.

ఆ కుర్చీ అంటే ఆవిడకి ప్రాణం. ఇంట్లో బీరువా తాళం మరిచిపోయి వచ్చేదేమో గానీ, ఎర్రపెన్సిలు చెక్కే చిన్న బ్లేడు మాత్రం ఎప్పుడూ సంచిలోనే ఉండేది. అలాంటి మనిషి పదిహేను నెలల్లో నాలుగుసార్లు ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది.

నెలలో కొన్ని రోజులు పెద్దమ్మ పెద్దమ్మలా ఉండేది కాదు. గ్లాసు జారితే ఏడ్చేది, జారకపోయినా ఏడ్చేది. ఫ్యాను చప్పుడు ఎవరో కావాలని చేస్తున్నట్టుండేది. చదివిన వాక్యమే మళ్ళీ చదివేది. అచ్చాపీసులో "ఇవాళ కిటికీ వైపు గాలి బాలేదు" అని ఒకరికొకరు సైగ చేసుకునేవారు. పెదనాన్న బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెప్పగల మనిషి, ఇంట్లో తుఫాను ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేకపోయేవాడు. అనుమానం వచ్చిన రోజున చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చేవాడు.

అలాంటి రోజుల్లో ఎవరో ఏదో ఒక మాట అనేవారు, అంతే. ఈవిడ తెల్లకాగితం లాగి నాలుగు వరుసలు రాసి యజమాని బల్ల మీద పెట్టి వచ్చేసేది. యజమానిని అందరూ అయ్యగారనేవారు. బట్టతల, ముక్కు చివర కళ్ళజోడు, మాట కరుకు. ఆయన ఆ కాగితం చదివి సొరుగులో పడేసేవాడు. మూడోనాడో నాలుగోనాడో పెద్దమ్మ ఏమీ జరగనట్టు వచ్చి కిటికీ రెక్క తెరిచేది. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

నాలుగోసారి తిరిగి వచ్చిన రోజున మాత్రం అయ్యగారు పిలిచాడు. సొరుగులోంచి నాలుగు కాగితాలూ తీసి వరుసగా పరిచాడు.

"ఏమమ్మా, నాతో ఆటలాడుతున్నావా?"

"లేదయ్యగారూ."

"నీ అంత బాగా చదివేవాళ్ళు నాకు దొరకరు, ఒప్పుకుంటాను. కానీ ఇది ఆపీసు. ఐదో కాగితం వచ్చిందంటే సంతకం పెట్టేస్తాను. నువ్వు నాలుగు రోజులకి వచ్చినా, నాలుగు గంటలకి వచ్చినా ఆ కుర్చీలో ఇంకొకరుంటారు. ఇవి పట్టుకెళ్ళి ఇంటి దగ్గర ప్రూఫు చూసుకో."

ఆయన వెటకారానికే అన్నాడు. పెద్దమ్మ నిజంగానే చూసుకుంది.

ఆదివారం పొద్దున, తల స్నానం చేసి జుట్టు ఆరబోసుకుంటూ, పెరటి గుమ్మంలో కూర్చుని మొదటి కాగితం తీసింది. రెండో వరుసలో రాయి తగిలింది. "నా ఉద్యోగానికి రాజినామా చేయుచున్నాను." జ మీద గుడి దీర్ఘం లేదు. ఉత్త గుడి. రెండో కాగితం తీసింది. రాజినామా. మూడోది. నాలుగోది. నాలుగింటిలోనూ అదే.

ఉద్యోగం పోతుందంటే రాని భయం ఆవిడకి అప్పుడు వచ్చింది. ఊరందరి దీర్ఘాలూ సరిచేసే మనిషి, తన చేత్తో నాలుగుసార్లు ఒకే దీర్ఘం మింగేసింది.

"ఏవండీ, ఇవి రాసింది నేనేనా?" అంది.

పెదనాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కన్ను అక్షరాల మీద పడలేదు, అలవాటు కొద్దీ తేదీల మీద పడింది.

"ఈ మొదటిది రాశావే, దాని మర్నాడు వేడినీళ్ళ సీసా కారి పరుపంతా తడిసింది. గుర్తుందా?"

"ఆ."

"మూడోది రాసిన రెండోరోజు మా తమ్ముడింటికి బయల్దేరాల్సింది. నీకు కడుపునొప్పని ఆగిపోయాం. ఈ నాలుగోది మొన్నటిదే. అప్పుడూ సీసా నింపింది నేనే." ఆయన నాలుగు కాగితాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. "ప్రతిసారీ నువ్వు కాగితం రాసిన ఒకటి రెండు రోజులకి నీకు నెలసరి వచ్చిందోయ్. మన ఆరో నంబరు బస్సు కూడా ఇంత టైముకి రాదు."

పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది. పెరట్లో తీగ మీద ఆరేసిన తువ్వాలు గాలికి ఒకసారి లేచి పడింది. తనకి పిచ్చి అని, తన గుణమే అంత అని ఏళ్ళ తరబడి లోపల అనుకుంటూ వచ్చిన మాటకి ఎవరో పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టినట్టయింది.

మర్నాడు ఇద్దరూ ఆస్పత్రికి వెళ్తే, డాక్టరమ్మ నాలుగు ఉత్తరాలూ చూసి తిరిగి ఇచ్చేసింది. "నాలుగు రోజులు చూసి నేనేమీ చెప్పలేను. మూడు నెలలు రోజూ రాసుకో. నిద్ర, తలనొప్పి, ఏడుపు, కోపం, ఆకలి, ఏది ఉంటే అది. నెలసరి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు ఆగింది కూడా. ఒక్కటి మరిచిపోకు. బాగున్న రోజు బాగున్నానని రాయాలి."

రోజూ రాయడానికి పెద్దమ్మకి మాటలు రాలేదు. పగలంతా మాటలతోనే గడిపే మనిషికి ఇంటికొచ్చేసరికి మాటలంటే అలసట. మూడోరోజున కాలెండరు ముందు నిలబడి, చేతిలో ఉన్న ఎర్రపెన్సిలుతో, ఆలోచించకుండా ప్రూఫు గుర్తు ఒకటి పెట్టేసింది. చుట్ట తిరిగిన తోక. ప్రూఫులో దానికర్థం తీసేయమని. ఆ రాత్రికి నిద్ర లేదని రాసుకోవడానికి అంతకంటే మంచి గుర్తు లేదనిపించింది. ఆ తర్వాత మిగతావి వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. అక్షరాలు తారుమారయ్యాయని చెప్పే పాము మెలిక, వస్తువులు చేజారిన రోజుకి. ఏదో చేర్చాలని చెప్పే చిన్న గొడుగు, ఊరికే ఏదో ఒకటి తినాలనిపించిన రోజుకి. అక్షరాలు లావుగా వేయమని కింద గీసే అలగీత, కోపానికి. ఇక ఒకసారి కొట్టేసిన మాటని మళ్ళీ ఉంచేయమని చెప్పడానికి కింద పెట్టే చుక్కల వరుస ఉంటుంది. ఉన్నదున్నట్టు ఉండనీ అని దాని భావం. అది బాగున్న రోజుకి.

మూడు నెలల తర్వాత ఆ కాలెండరు కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"ఇదేమిటమ్మా, నాకు పరీక్ష పెట్టడానికొచ్చావా? ఈ జల్లెడ గుర్తేమిటి?"

"రెండు మాటల మధ్య ఖాళీ వదలమని డాక్టరుగారూ. అంటే ఆ రోజు నా దగ్గరికి ఎవరూ రాకూడదని."

"ఈ బోర్లించిన గిన్నె?"

"దగ్గరికి జరపమని."

"అంటే?"

పెద్దమ్మ పెదనాన్న వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"మరి ఇదిగో, ఒకే రోజు రెండూ ఉన్నాయే!"

"అదేనండీ బాధ," అన్నాడు పెదనాన్న ఫ్యాను మీంచి చూపు తిప్పకుండా.

డాక్టరమ్మ నవ్వి, పెన్సిలు మొనతో మూడు నెలలనీ తాకుతూ వచ్చింది. నెలసరికి ముందు ఏడెనిమిది రోజులు గుర్తులు గుమిగూడి ఉన్నాయి. నెలసరి వచ్చిన రెండోరోజుకల్లా కాగితం తేటపడి అంతా చుక్కలే. మూడుసార్లూ అంతే.

"నెలంతా ఇలాగే ఉంటే నేను వేరే కారణం వెతికేదాన్ని. ఇది వచ్చి వెళ్తోంది. చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది, కొందరిని నీలాగా గట్టిగా పట్టుకుంటుంది. దీనికి మందులూ ఉన్నాయి. ముందు నిద్ర సరిచేసుకో, కాఫీ తగ్గించు, సాయంత్రాలు నడువు. ఆ వారంలో కష్టమైన పని నెత్తిన వేసుకోకు. రెండు మూడు నెలలు చూసి తగ్గకపోతే మళ్ళీ రా, మందు రాస్తాను. ఇంకొకటి. ఆ వారంలో ఉత్తరాలు రాయకు."

బయటికొచ్చాక పెద్దమ్మ ఆస్పత్రి మెట్ల మీదే నిలబడి చుక్కలు లెక్కపెట్టింది. నెలకి పద్దెనిమిది, పంతొమ్మిది. అన్ని మంచి రోజులు తనకున్నాయని ఆవిడకి అప్పటిదాకా తెలియదట. ఈ మాట చెప్పినప్పుడల్లా పెద్దమ్మ గొంతు కొంచెం తగ్గేది.

తర్వాతి నెలలన్నీ తేలిగ్గా గడిచాయని చెప్పను. ఒక నెల బాగుండేది, ఒక నెల చేతులెత్తేసేది. ఒకసారి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికెళ్ళి మందు కూడా తెచ్చుకుంది. కానీ సాయంత్రాలు డిపో దాకా నడిచి వెళ్ళి పెదనాన్నతో కలిసి తిరిగొచ్చేది. నాలుగు కాఫీలు ఒకటయ్యాయి. పట్టికలు, నిఘంటువుల ప్రూఫులు చుక్కల వారాలకి తోసేది. అలగీతల వారంలో సీసం బాబాయిని పిలిచి, "ఇవాళ పైకి చదువుకుందాం బాబాయ్, మీరు రాతప్రతి పట్టుకోండి" అనేది. ఆయన ఎందుకని అడగలేదు. బల్లకి అటుపక్క స్టూలు లాక్కుని కూర్చునేవాడు. మధ్యాహ్నపు ఎండలో వాళ్ళిద్దరి గొంతులూ ఒకదాని వెనక ఒకటి నడిచేవి. ఎనిమిది నెలలు ఐదో కాగితం పుట్టలేదు.

ఆ ఏడాది చివర అచ్చాపీసు తన ఖాతాదారులకి పంచే గోడ కాలెండరు పనిలో పడింది. పన్నెండు నెలలూ ఒకే పెద్ద కాగితం మీద. ప్రూఫు రెండు కాపీలు వచ్చాయి. పెద్దమ్మ ఒకటి చదివి, తప్పుల్లేవని సంతకం పెట్టి పక్కన పెట్టింది. రెండోది వృథా కాగితమే కదా అని, వచ్చే ఏడాదికి తన వారాలు ఎక్కడెక్కడ పడతాయో లెక్క కట్టుకుని, ప్రతి నెలా ఏడెనిమిది అంకెల కింద అలగీత గీసుకుంది. ముందు జాగ్రత్త. గీసి, కాగితం కింద అలవాటు కొద్దీ, చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే, "చూశాను, అచ్చు వేయవచ్చు" అని సంతకం కూడా పెట్టేసింది. ఏళ్ళుగా తన చేతికిందికొచ్చిన ఏ కాగితాన్నీ ఆవిడ సంతకం లేకుండా వదిలింది లేదు.

సీసం బాబాయి బల్ల మీంచి తీసుకెళ్ళింది ఆ రెండో కాగితాన్నే.

కొత్త సంవత్సరంలో రెండో వారానికి ఊరంతా గందరగోళం. ప్రతి నెలా ఏడెనిమిది తేదీలు నల్లగా, లావుగా, గుంపులో పహిల్వాన్లలా నిలబడి ఉన్నాయి. ఇస్త్రీ దుకాణం ఆయన అవి నీళ్ళు రాని రోజులనుకుని ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపి పెట్టుకున్నాడు. జుట్టు కత్తిరించే షాపాయన సెలవనుకుని మొదటి లావు తేదీన షట్టరే తీయలేదు. బడి పెద్ద టీచరు మనిషిని పంపించి అడిగింది, అవి పరీక్షలా ఏమిటని.

అయ్యగారు పెద్దమ్మని, సీసం బాబాయిని ముందుగదిలోకి పిలిచాడు.

"ఈ లావు తేదీలు ఎవరు పెట్టమన్నారు?"

బాబాయి ప్రూఫు కాగితం బల్ల మీద పరిచాడు. "ఇవిగో అలగీతలు. ఇదిగో సంతకం. నేను గుర్తు చూస్తాను అయ్యగారూ, అర్థం చూడను. అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే ఒక్క పుస్తకమైనా బయటికొస్తుందా?"

పెద్దమ్మ కాగితం చూసింది. చెవుల దాకా వేడెక్కింది. ఏం చెప్పాలో వెతుక్కునేలోపే అయ్యగారు ఆ మాట అనేశాడు.

"పని చేసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలమ్మా!"

ఆవిడ ఆయన బల్ల మీదే ఉన్న తెల్లకాగితం ఒకటి లాగింది. ఆయన పెన్నే తీసుకుంది. బాబాయి "అమ్మాయ్, వద్దు" అంటూనే ఉన్నాడు. అయ్యగారు కుర్చీలో వెనక్కి జరిగి సంతకానికి సిద్ధంగా కళ్ళజోడు సరిచేసుకున్నాడు. పెద్దమ్మ నిలబడే రాస్తోంది. "నా ఉద్యోగానికి రాజి" దాకా వచ్చి, పెన్ను ఆగింది.

పంటి కింద రాయి.

గుడి ఉంది. దీర్ఘం లేదు.

ఆవిడ తలెత్తి అయ్యగారి వెనక గోడ చూసింది. కొత్త కాలెండరు వేలాడుతోంది. ఆ రోజు అంకె నల్లగా, లావుగా ఆవిడ వైపే చూస్తోంది. వెనక గదిలో యంత్రం ఆగినట్టుంది, గ్లాసులో నీళ్ళు కదలడం లేదు. పెద్దమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచి, రాసిన వరుస కొట్టేసింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకునే ఉన్నానయ్యగారూ. ఏడాదిగా రోజూ పెట్టుకునే ఉన్నాను. ఆ లెక్కే మీరు వెయ్యి కాపీలు వేశారు."

"ఏం లెక్క?"

చెప్పింది. నెలసరి అన్న మాట ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ అని ఉండరు. నాలుగు ఉత్తరాల తేదీలు చెప్పింది, చుక్కల సంగతి చెప్పింది, డాక్టరమ్మ ఏమన్నదో చెప్పింది. తప్పు తనదేనని, అలవాటు సంతకం కొంప ముంచిందని ఒప్పుకుంది. సీసం బాబాయి తన వేళ్ళ చివర్లు శ్రద్ధగా పరీక్షించుకుంటున్నాడు. అయ్యగారు కాలెండరు వైపు తిరిగాడు, ఆ రోజు అంకె దగ్గర ఆగాడు, గొంతు సవరించుకున్నాడు.

"అయితే, ఆ కాగితం?"

"ఇవాళ రాయనయ్యగారూ. ఒక మామూలు అంకె రోజున, అప్పటికీ రాయాలనిపిస్తే, దీర్ఘం పెట్టి మరీ రాసిస్తాను."

అయ్యగారు పెన్ను మూత పెట్టుకున్నాడు. "ఈ సంగతి ఈ గది దాటకూడదు," అన్నాడు. "కాలెండరుకి తప్పొప్పుల చీటీ ఒకటి వేయాలి. లావు తేదీలు పొరపాటున పడ్డాయి, తేదీలన్నీ ఒకటే అని రాసుకురా."

పెద్దమ్మ రాసింది. రాసి, తిరిగి చదివి, "తేదీలన్నీ ఒకటే" అన్నదాన్ని ఎర్రపెన్సిలుతో కొట్టేసింది. అది అచ్చు వేయదగ్గ మాట కాదని ఆవిడ అభిప్రాయం. అయ్యగారు చూసి చీటీని అలాగే అచ్చుకి పంపాడు.

సంగతి ఆ గది ఎన్ని నిమిషాల్లో దాటిందో పెదనాన్న అయితే సరిగ్గా చెప్పేవాడు. సాయంత్రానికి బైండింగు గదిలో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డారు. అందులో పెద్దావిడ మిగిలిపోయిన కాలెండరు ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని, "ఈ లావువి నీవి. నావి వేరే ఉంటాయి గానీ, ఆ పెన్సిలు ఒకటి ఇటివ్వు తల్లీ" అంది.

ఆ ఏడాది అయ్యగారు కష్టమైన ప్రూఫులేవీ లావు తేదీల్లో కిటికీ బల్ల మీదికి పంపలేదు. ఎవరికీ చెప్పకుండా చేశాడు. అయితే పెద్దమ్మ లెక్క రెండు మూడు రోజులు అటూ ఇటూ జరుగుతుండేది కదా, ఆ సంగతి ఆయనకి తెలియదు. ఆవిడ హాయిగా చుక్కల్లో ఉన్న రోజున ఆయన పిల్లిలా నడిచేవాడు. ఆవిడ నిజంగా అలగీతలో ఉన్న రోజున "ఏమమ్మా!" అని గట్టిగా కేకేసేవాడు. బాబాయి, పెద్దమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని కాగితాల వెనక నవ్వుకునేవారు.

ఏళ్ళు గడిచాయి. నెలసరి ఆగిపోయింది, అలగీతలు పలచబడి ఒకనాటికి పోయాయి. సీసం బాబాయి అక్షరాల పెట్టెలు ఖాళీ అయ్యాయి, ఆయనా లేడు. వెనక గదిలోకి చప్పుడు చేయని యంత్రాలొచ్చాయి. గ్లాసులో నీళ్ళు వణకడం మానేశాయి. పెద్దమ్మ కళ్ళలో పొర కమ్మి, ఒత్తులు రెండుగా కనపడటం మొదలయ్యాక, ఒక ఉదయం ఆవిడ శుభ్రంగా రాసిన కాగితం ఒకటి పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

అయ్యగారు అప్పటికి బాగా వంగిపోయాడు. కాగితం అందుకుని, చదవకుండా, ముందు గోడ మీది కాలెండరు వైపు తిరిగాడు. ఆ రోజు అంకె వెతికి చూశాడు. మామూలుగానే ఉంది.

"ఇప్పుడా రోజులు లేవయ్యగారూ," అంది పెద్దమ్మ.

ఆయన విననట్టే భూతద్దం తీసి కాగితం మీద పెట్టాడు. రెండో వరుసలో ఒక అక్షరం దగ్గర ఆగి, చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"దీర్ఘం ఉంది," అన్నాడు.

ఆ తర్వాత పెన్ను మూత తీయడానికి ఆయనకి కొంచెం సమయం పట్టింది.